తోడుకోని పాలు చెప్పిన సంగతి
(పశువుల మందులు – మన ఆహారంలో వాటి శేషాలు)

పాలు రోగికి పథ్యమని, బాలవృద్ధులకు బలమని చెప్పని వైద్యుడు లేడు. నలభై ఏళ్ల నా వైద్యవృత్తిలో "రాత్రి పడుకొనే ముందు గోరువెచ్చని పాలతో సేవించవలెను" అన్న మాట ఎన్ని వేల చీటీలపై వ్రాసినానో లెక్క లేదు. ఆ పాలు ఏ పశువువి, ఆ పశువుకు అంతకు ముందు వారం ఏ మందు పట్టించినారు అన్న ప్రశ్న మాత్రం చాలాకాలం నాకు తోచలేదు. ఆ ప్రశ్నను నా ముందుంచినది ఏ గ్రంథమూ కాదు, మా వంటింటి పెరుగు గిన్నె.

కొన్నేళ్ల క్రితం శివరాత్రి దాటి ఎండలు ముదురుతున్న రోజులలో, హన్మకొండలోని మా ఇంట్లో పాలు తోడుకోలేదు. మొదటి రోజు తోడు చాలలేదనుకొన్నాము. రెండవ రోజు మా ఇంటావిడ పొరుగింటి నుండి గట్టి పెరుగు తెచ్చి తోడు వేసినది. మూడవనాటి ఉదయం కూడా గిన్నెలో పాలు పాలుగానే ఉన్నవి. విరగలేదు, పులవలేదు, గడ్డకట్టలేదు.

అదే వారంలో ఒక ఉపాధ్యాయురాలు ఒంటినిండా దురదతో, దద్దుర్లతో నా వద్దకు వచ్చినారు. నీరసానికి ఆమెకు అశ్వగంధ క్షీరపాకం ఇస్తున్నాను. అశ్వగంధ సరిపడలేదని భావించి దానిని మాన్పించి, "వట్టి పాలు మాత్రం తప్పక తాగండి" అని చెప్పి పంపినాను. దద్దుర్లు తగ్గలేదు. తిరిగి వచ్చినప్పుడు నా పాత పుస్తకం తిరగవేసినాను. పూర్వం పెన్సిలిన్ సూది పడక ఆమెకు ప్రాణం మీదికి వచ్చిన సంగతి నా చేతివ్రాతతోనే అందులో ఉన్నది. ఆమె ఇంటికీ మా ఇంటికీ పాలు పోసేది ఒక్కరే.

మరునాడు పాలు తెచ్చిన ఆమెను అడిగినాను: "అమ్మా, బర్రెకు ఏమైనా సుస్తీ చేసిందా?"

"అవునయ్యగారూ, పొదుగు వాసింది. ఒక చన్ను గట్టివడ్డది. సూది ఇచ్చి, చన్నులకు గొట్టం మందు ఎక్కించిండ్రు. ఇప్పుడు మంచిగనే ఉన్నది."

"ఎన్ని రోజులు పాలు పోయవద్దని చెప్పినారు?"

"ఎవ్వలు చెప్పలే. చెప్పినా ఏం జేద్దు అయ్యగారూ? పూటకు మూడు లీటర్లు పారవోస్తే దాణా పైసలు యాడికెల్లి తేవాలె?"

ఆ ప్రశ్నకు ఆ రోజు నా వద్ద సమాధానం లేదు. ఉపాధ్యాయురాలి దద్దుర్లకు ఆ పాలే కారణమని నేను నిరూపించలేను, ఆ పాలను పరీక్షకు పంపలేదు. పాలు మాన్పించిన తరువాత నాలుగు రోజులలో అవి తగ్గినవన్నది మాత్రమే నేను చూచినది. నిర్దోషియైన అశ్వగంధను మాన్పించి, అనుమానించవలసిన పాలను తాగమన్న వైద్యుడిని నేనే అన్న బాధ మాత్రం మిగిలినది. ఆ బాధే ఈ వ్యాసానికి కారణం.

పూర్వులు ఎరిగిన సూత్రమే

పశువు తిన్నదాని గుణం పాలలోకి వస్తుందన్న విషయం మన శాస్త్రానికి కొత్త కాదు. పాలు అనేక ఓషధుల రసాల సారమని సుశ్రుతుడు సూత్రస్థానం 45వ అధ్యాయంలో చెప్పినాడు. మేక పాలకు ప్రత్యేక గుణాలు ఎందుకు కలిగినవో చెబుతూ, అది కారపు చేదు ఆకులు మేస్తుందని, నీరు తక్కువ తాగుతుందని, బాగా తిరుగుతుందని కారణం చూపినాడు.

అంతకన్న స్పష్టమైన నిదర్శనం శిశువైద్యంలో ఉన్నది. పాలు మాత్రమే తాగే బిడ్డను క్షీరపుడన్నారు, పాలూ అన్నమూ తినేవాడిని క్షీరాన్నాదుడన్నారు, అన్నం తినేవాడిని అన్నాదుడన్నారు. మొదటి ఇద్దరి చికిత్సలో పాలిచ్చే తల్లికి లేక దాదికి కూడా మందు ఇవ్వమన్నారు. పాల ద్వారా ఔషధం బిడ్డకు చేరుతుందన్న ఎరుక లేనిదే ఈ విధి పుట్టదు. మా గురువుగారు ఈ ఘట్టం పాఠం చెప్పిన రోజున నేను ఒక ప్రశ్న అడిగి ఉండవలసినది: తల్లికిచ్చిన మందు బిడ్డకు చేరినప్పుడు, బర్రెకిచ్చిన మందు మనకు చేరదా?

శరీరంలో కొద్దికొద్దిగా నిలిచి, వెంటనే చంపక, కాలాంతరంలో వికారం పుట్టించే విషాన్ని దూషీవిషమని సుశ్రుతుడు కల్పస్థానంలో వర్ణించినాడు. నేటి మందుల శేషాలనే ఆయన చెప్పినాడని నేను అనను. ఆ మందులు ఆనాడు లేవు. అల్పమైనదంతా నిరపాయం కాదన్న హెచ్చరికను మాత్రం అక్కడి నుండి మనం గ్రహించవచ్చును.

మందు పాలలోకి ఎలా చేరుతుంది?

పొదుగు రక్తం నుండి పాలను తయారు చేస్తుంది. కండలోకి సూది వేసినా, నోటి ద్వారా పట్టించినా, గర్భాశయంలో బిళ్లలు పెట్టినా మందు రక్తంలో కలిసి కొంత భాగం పాలలోకి వస్తుంది. పొదుగువాపు వ్యాధికి చన్ను రంధ్రం గుండా గొట్టం మందు ఎక్కించినప్పుడు ఆ చన్ను పాలలో మందు అత్యధికంగా ఉంటుంది. మిగిలిన మూడు చన్నులకూ రక్తం ద్వారా కొంత చేరుతుంది. అందుచేత మందు ఎక్కించిన చన్ను పాలు పారబోసి మిగిలిన మూడింటి పాలు వాడుకోవడం సరికాదు.

పశువు శరీరం ఈ మందును క్రమంగా విసర్జిస్తుంది. విసర్జన పూర్తికాక ముందు పిండిన పాలలో, పెట్టిన గుడ్డులో, కోసిన మాంసంలో మిగిలిన మందునే శేషం అంటారు.

ఎంత శేషం వరకు సహించవచ్చునో అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘమైన కోడెక్స్ నిర్ణయించినది. గ్రాములో పది లక్షల వంతును మైక్రోగ్రాము అంటారు. లీటరు పాలలో పెన్సిలిన్ 4 మైక్రోగ్రాములు, ఆక్సీటెట్రాసైక్లిన్ 100 మైక్రోగ్రాములు మించరాదు. ఒక మనిషి రోజంతటిలో తిన్న అన్ని ఆహారాల ద్వారా చేరే పెన్సిలిన్ 30 మైక్రోగ్రాముల లోపు ఉండవలెనని అంతర్జాతీయ నిపుణుల సంఘం సూచించినది. పెన్సిలిన్ పడనివారికి ఇంత స్వల్పమైన మోతాదులు కూడా ముఖ్యం కనుకనే ఈ హద్దు ఇంత కఠినంగా ఉన్నది.

ఒక చిన్న లెక్క చూడండి. మందు ఎక్కించిన మరునాటి పాలు ఒక లీటరులో 4,000 మైక్రోగ్రాముల పెన్సిలిన్ ఉన్నదనుకొందాము. ఆ ఒక్క లీటరును హద్దు లోపలికి తేవాలంటే మొత్తం 1,000 లీటర్లు అయ్యేటట్లు శుద్ధమైన పాలు కలపవలెను. ఒక్క బర్రె పాలు ఊరందరి క్యానును చెడగొట్టడం అంటే ఇదే.

అపాయం ఎంత?

భయపెట్టడం వైద్యుని పని కాదు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా 1,103 పట్టణాలు, నగరాల నుండి 6,432 పాల నమూనాలను సేకరించి పరీక్షింపజేసినది. వాటిలో యాంటిబయాటిక్ మందుల శేషాలు హద్దు మించినవి 77. అనగా నూటికి ఒకటి కన్న కొంచెం ఎక్కువ. పాలు మానవలసిన అవసరం లేదని ఈ అంకె చెబుతున్నది. అయితే రోజూ ఒకే ఇంటి నుండి పాలు పోయించుకొనేవారికి ఆ ఒక్కటి తమ గిన్నెలోనే పడవచ్చును. వారికి ఈ సగటు ఊరట కాజాలదు.

అపాయాలు ముఖ్యంగా రెండు. మొదటిది, మందు పడనివారికి దద్దుర్లు, దురద, అరుదుగా ఊపిరాడకపోవడం. రెండవది మందగతితో వచ్చేదైనా పెద్దది. పశువులకు విచక్షణ లేకుండా మందు వాడినకొద్దీ ఆ మందుకు లొంగని సూక్ష్మజీవులు పశువుల పేగులలో, పేడలో, పాకలలో పెరుగుతాయి. అవి మనుషులకు సోకినప్పుడు ఆసుపత్రిలో అదే మందు పనిచేయదు. మనుషులకు చివరి ఆయుధంగా దాచుకోవలసిన కోలిస్టిన్ అనే మందును కోళ్లు త్వరగా బరువెక్కడానికి దాణాలో కలిపే అలవాటు ఉండేది. కేంద్ర ప్రభుత్వం 2019 జూలైలో ఆహార పశువులకు, కోళ్లకు, చేపలకు దాని వాడకాన్ని నిషేధించినది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులను ఆహారం కోసం పెంచే జీవులన్నిటికీ 2025 మార్చిలో నిషేధించినది.

పాలు చేపడానికి వేసే ఆక్సిటోసిన్ సూదిని గురించి కూడా ఒక మాట చెప్పవలెను. ప్రజలలో ఎక్కువ భయం దీని మీదనే ఉన్నది. ఆక్సిటోసిన్ మాంసకృత్తుల వంటి పదార్థం కనుక మన జీర్ణాశయంలో అది జీర్ణమైపోతుంది. దాని వలన నిజంగా బాధపడేది పశువు. పాల కోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే సూదులు వేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. తప్పు తప్పే, కాని ఆ భయంలో పడి పొదుగువాపు మందులను మరువరాదు.

ఇంట్లో కనిపెట్టవచ్చునా?

ఈ ప్రశ్న అందరూ అడుగుతారు. నిజం చెప్పవలెనంటే, నమ్మదగిన గృహపరీక్ష లేదు.

పాలు తోడుకోకపోవడం ఒక సూచన మాత్రమే. పెరుగును గడ్డకట్టించేవి సజీవ సూక్ష్మజీవులు. పాలలో యాంటిబయాటిక్ తగినంత ఉంటే అది ఆ మేలుచేసే జీవులను కూడా అణచివేస్తుంది. అయితే చలి వలన, తోడు పాతబడడం వలన, వేడి పాలలో తోడు వేయడం వలన కూడా పెరుగు కాదు. తోడు మార్చి, వేడి సరిచూచి, రెండు మూడు సార్లు ప్రయత్నించినా అదే పాలు గడ్డకట్టక, వేరే ఇంటి పాలు అదే తోడుతో గడ్డకడితే అప్పుడు అనుమానించవలెను. దీనికి విరుద్ధంగా, పెరుగు చక్కగా అయినంత మాత్రాన పాలు శుద్ధమని అనుకోరాదు. హద్దుకు కొంచెం మించిన శేషం పెరుగును ఆపకపోవచ్చును. నొప్పుల మందులు, నులిపురుగుల మందులు పెరుగును అసలే అడ్డుకోవు.

లాక్టోమీటరు పాలలో నీళ్లను పట్టుకొంటుంది, మందును పట్టుకోదు. రంగు, రుచి, వాసన ఏమీ చెప్పవు.

కాచినంత మాత్రాన మందు పోతుందనుకోవడం మరొక భ్రమ. కాచడం వలన రోగక్రిములు చస్తాయి, కనుక పాలు కాచే తాగవలెను. మందు శేషం మాత్రం మామూలు కాపుకు చాలావరకు నిలిచే ఉంటుంది. క్షీరపాక విధిలో ఒక వంతు ఔషధానికి ఎనిమిది వంతుల పాలు, ముప్పదిరెండు వంతుల నీరు చేర్చి, పాలు మిగిలే వరకు కాస్తాము. ఆవిరయ్యేది నీరు. పాలలో ముందే చేరిన శేషం మిగిలిన పాలలోనే ఉండిపోతుంది. కోవాలో అది మరింత చిక్కబడుతుంది. నీటిలో కరిగే పెన్సిలిన్ వంటివి నేతిలోకి అంతగా రావు, కొవ్వులో కరిగే ఐవర్‌మెక్టిన్ వంటి నులిపురుగుల మందులు వెన్నను, నేతిని ఆశ్రయిస్తాయి. పథ్యాలు చెప్పే వైద్యులు ఈ భేదం గుర్తుంచుకోవలెను.

పరీక్షశాలలో ఏమి చేస్తారు?

మొదటి పరీక్ష మన పెరుగు గిన్నె సూత్రమే. వేడిని తట్టుకొనే ఒక నిరపాయకరమైన సూక్ష్మజీవిని ఊదారంగు ద్రవ్యంతో కలిపి చిన్న గొట్టంలో గడ్డకట్టించి ఉంచుతారు. దానిపై కొన్ని చుక్కల పాలు వేసి 64 డిగ్రీల వేడిలో సుమారు మూడు గంటలు ఉంచుతారు. పాలు శుద్ధమైతే ఆ జీవి పెరిగి, ఆమ్లం పుట్టి, రంగు పసుపుగా మారుతుంది. మందు ఉంటే జీవి పెరగదు, ఊదారంగు అలాగే నిలుస్తుంది.

రెండవది కాగితపు పట్టీ పరీక్ష. గర్భనిర్ధారణ పట్టీవలె కొద్ది నిమిషాలలో గీతలు చూపుతుంది. పాలసేకరణ కేంద్రాలకు ఇది అనువైనది. అయితే ఏ పట్టీ ఏ జాతి మందులకు ఉద్దేశించినదో వాటినే పట్టుకొంటుంది.

మూడవది పెద్ద ప్రయోగశాలలలోని యంత్రపరీక్ష. ఏ మందు, ఎన్ని మైక్రోగ్రాములు అన్నది నిర్ధారించి చెప్పేది ఇదే.

కొన్న ఆహారాన్ని రుసుము చెల్లించి ఆహార విశ్లేషకుని చేత పరీక్షింపజేసుకొనే హక్కు 2006 నాటి ఆహార భద్రతా చట్టం 40వ సెక్షను ప్రకారం కొనుగోలుదారునికి ఉన్నది. పరీక్షకు పంపదలచినట్లు కొనే సమయంలోనే అమ్మేవారికి తెలుపవలెను. దోషం తేలితే రుసుము తిరిగి ఇస్తారు. పాలు పోసే పేదరాలి మీద ప్రయోగించడానికి నేను ఈ సంగతి చెప్పడం లేదు. కాలనీవారు, హాస్టళ్లవారు, పెద్దయెత్తున కొనేవారు ఈ హక్కును తెలుసుకొని ఉండవలెను.

గద్దకు, విదేశీయునికి తెలిసినది మనకు తెలియవద్దా?

పశువుల మందు శేషం ఎంత పని చేయగలదో లోకానికి చాటినవి రాబందులు. నొప్పికి వాడే డైక్లోఫెనాక్ సూది వేసిన పశువు చనిపోతే, దాని కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోయినవి. ఈ కారణం 2004లో బయటపడినది. అప్పటికే దేశంలోని మూడు జాతుల రాబందులు నూటికి తొంభైఅయిదుకు పైగా అంతరించినవి. 2006లో పశువులకు ఆ మందు నిషిద్ధమైనది. మన తెలంగాణలో ఆసిఫాబాదు ప్రాంతపు బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్టపై కొద్దిపాటి పొడవుముక్కు రాబందులు 2013లో కనిపించినప్పుడు పక్షిప్రియులు పండుగ చేసుకొన్నారు. రాబందుకు జరిగినట్లే మనిషికి జరుగుతుందని కాదు, శరీరధర్మాలు వేరు. చచ్చిన పశువు మాంసంలో కూడా మందు నిలిచి ఉంటుందన్నది ఇక్కడి పాఠం.

రెండవ ఉదాహరణ కోస్తాంధ్ర రొయ్యలు. నిషిద్ధ మందుల శేషాలున్నవని ఐరోపా దేశాలు మన రొయ్యలను తిప్పి పంపినప్పుడు రైతులు, వ్యాపారులు ఎంతో నష్టపోయినారు. ఆ తరువాత భీమవరం, నెల్లూరు వంటి చోట్ల రొయ్య పట్టక ముందే పరీక్షించే ప్రయోగశాలలు వెలసినవి. 2016 నుండి ఐరోపావారు మన చెరువు రొయ్యల దిగుమతులలో సగం సరుకును సరిహద్దులో పరీక్షించసాగినారు. విదేశీయుని పళ్లెంలోకి పోయే రొయ్యకు ఇంత పరీక్ష ఉండగా, వరంగల్లు బిడ్డ తాగే పాలకు, తినే గుడ్డుకు అంత శ్రద్ధ ఎందుకు ఉండరాదు? అడిగేవారు ఉంటేనే పరీక్ష ఉంటుంది.

అసలైన ఔషధం – వేచి ఉండడం

పాలలోకి వచ్చిన మందును తీసివేసే ఉపాయం గృహిణి చేతిలో లేదు. రాకుండా ఆపే ఉపాయం పశువుల పాకలోనే ఉన్నది. అదే నిలుపుదల గడువు. చివరి మోతాదు ఇచ్చిన నాటి నుండి నిర్ణీత కాలం వరకు ఆ పశువు పాలు, గుడ్లు, మాంసం మనుషుల ఆహారంగా వాడరాదు. ఆ గడువును మందు పెట్టెపై ముద్రించవలెనని 2012లో ఔషధ నియమాలను సవరించినారు. ఆ మందుకు ప్రత్యేక గడువు నిర్ణయం కానప్పుడు పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, కోళ్ల, పశువుల మాంసానికి కనీసం 28 రోజులు పాటించవలెను. చేపలకు 500 డిగ్రీ దినాలు. అనగా నీటి వేడి 25 డిగ్రీలైతే 20 రోజులు.

నియమం ఇంత సులభం. మరి ఎందుకు అమలు కాదు? మా పాలామె అడిగిన ప్రశ్నలోనే జవాబున్నది. రోజుకు ఆరు లీటర్ల చొప్పున ఏడు రోజులకు 42 లీటర్లు పారబోయవలెను. ఆమె ఒక్కతే ఆ నష్టం భరించవలెనంటే ఆమె మందు సంగతి దాస్తుంది. దాచడంలో దుర్మార్గం లేదు, దాణా అప్పు ఉన్నది.

ఆమె వద్ద పాలు పోయించుకొనే ఆరు ఇళ్లవారము ఒక రోజు మా ముంగిట్లో కూర్చున్నాము. బర్రెకు మందు ఇచ్చినప్పుడు ఆమె అదే రోజు మాకు చెప్పవలెను. గడువు తీరే వరకు పాలు పోయరాదు. ఆ రోజుల డబ్బు మాత్రం మేము నెల లెక్కలో తగ్గించరాదు. నలభైరెండు లీటర్లను ఆరు ఇళ్లకు పంచితే ఇంటికి ఏడు లీటర్ల ధర. ఒక్కసారి వైద్యునికి, మందులకు అయ్యే ఖర్చు కన్న అది తక్కువ. ఉపాధ్యాయురాలే మొదట ఒప్పుకొన్నారు.

నిజం చెప్పినవారికి నష్టం లేనప్పుడే నిజం బయటికి వస్తుంది. ఆరు ఇళ్లు చేయగలిగిన పనిని పాల సంఘాలు మరింత సులువుగా చేయగలవు. 2002లో ప్రారంభమై మహిళలే నడుపుకొంటున్న ముల్కనూరు స్వకృషి డెయిరీ మన పక్కనే ఉన్నది. అటువంటి సంఘాలు మన జిల్లాలలో ఊరూరా పెరిగి, చికిత్సలో ఉన్న పశువు పాలను వేరుగా ఉంచినవారికి పరిహారం ఇచ్చే నిధి పెట్టుకొంటే ఎంత మేలు!

మందు అవసరమే తగ్గించడం

శేషం తగ్గాలంటే రోగం తగ్గవలెను. పాడిపశువుకు యాంటిబయాటిక్ వాడవలసి వచ్చే ముఖ్య కారణాలలో పొదుగువాపు ఒకటి. దీని నివారణ కష్టం కాదు. పాక పొడిగా ఉంచవలెను. పిండే ముందు చేతులు, పొదుగు కడిగి గుడ్డతో తుడవవలెను. బొటనవేలు మడిచి చన్ను లాగక, పిడికిలితో పిండవలెను. పిండిన వెంటనే మేత వేస్తే పశువు అరగంట నిలబడుతుంది. ఆ లోపల చన్ను రంధ్రం మూసుకొంటుంది, పేడలోని క్రిములు లోపలికి పోవు.

రోగాన్ని తొలిదశలో పట్టుకొనే పరీక్ష కూడా ఉన్నది. ప్రతి చన్ను పాలు కొద్దిగా వేరుగా తీసి, దానికి సమానంగా బట్టల సబ్బుపొడి కలిపిన నీరు చేర్చి తిప్పవలెను. పాలు జిగటగా చిక్కబడితే ఆ చన్నులో వాపు మొదలైనట్లు అనుమానించవలెను. పరీక్షించిన పాలు పారబోయవలెను.

తొలిదశలో పైపూతగా ఒక ఔషధాన్ని జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ రైతులలో ప్రచారం చేస్తున్నది. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు కలిపి మెత్తగా నూరితే ఎర్రని ముద్ద అవుతుంది. పొదుగును కడిగి పాలన్నీ పూర్తిగా పిండివేసిన తరువాత, పిడికెడు ముద్దను 150 నుండి 200 మిల్లీలీటర్ల నీటిలో కలిపి పొదుగంతా పూయవలెను. రోజుకు ఎనిమిది నుండి పది సార్లు, అయిదు రోజులు చేయవలెను. రోజుకు రెండు నిమ్మకాయలు మూడు రోజులు తినిపించవలెను. కుమారి, హరిద్ర, చూర్ణం – మూడూ మన నిఘంటువులలోనివే. పిండే ముందు పూతను శుభ్రంగా కడగడం మరువరాదు. వాచిన చన్ను పాలు ఎటువంటివైనా తాగరాదు.

అయితే ఒక హెచ్చరిక. జ్వరం తీవ్రంగా ఉన్నా, మేత మానినా, పాలలో రక్తమో చీమో వచ్చినా, రెండు రోజులలో గుణం కనిపించకపోయినా పశువైద్యుని పిలువవలెను. ఆయన యాంటిబయాటిక్ వ్రాస్తే పూర్తి మోతాదు వాడవలెను. అవసరమైన చోట మందు మానడం జీవహింస. అవసరం లేని చోట వాడడం, వాడి గడువు పాటించకపోవడం – ఈ రెండే దోషాలు.

పాఠకులు పాటించదగినవి

1. పాలు పోసేవారిని నెలకొకసారైనా "పశువుకు ఏమైనా మందు పడిందా?" అని మర్యాదగా అడగండి. చెప్పినందుకు కృతజ్ఞత చూపండి, మర్నాడే పాలు మార్చవద్దు.

2. పశువులున్నవారు పాక గోడపై సుద్దతో వ్రాసుకోండి: ఏ పశువు, ఏ మందు, చివరి మోతాదు ఏ రోజు, పాలు ఎప్పటి నుండి వాడవచ్చును.

3. గడువులోని పాలను దూడకు తాపవద్దు, బావి దగ్గర పారబోయవద్దు. లొంగని క్రిములు అక్కడే పుడతాయి.

4. మాంసాహారులు కార్జం, మూత్రపిండాలు తరచుగా తినవద్దు. ఆక్సీటెట్రాసైక్లిన్‌కు కోడెక్స్ హద్దులు కండలో కిలోకు 200, కాలేయంలో 600, మూత్రపిండంలో 1,200 మైక్రోగ్రాములు. మందు ఎక్కడ ఎక్కువగా చేరుతుందో ఈ అంకెలే చెబుతున్నవి. ఉడికించినప్పుడు మందులో కొంత పులుసులోకి దిగుతుంది.

5. జబ్బుపడిన కోడిని, మేకను మందు వేసి, లాభం లేదని తెలియగానే కోసి అమ్మే అలవాటు మన పల్లెలలో ఉన్నది. అటువంటి మాంసం చౌకగా వచ్చినా కొనవద్దు.

6. పెన్సిలిన్ వంటి మందులు పడనివారు ఆ సంగతి ప్రతి వైద్యునికి చెప్పండి. కారణం లేని దద్దుర్లు లేస్తే తిన్న మందులతోపాటు తాగిన పాలను కూడా జ్ఞాపకం చేసుకోండి. ఊపిరాడకపోయినా, ముఖం వాచినా ఇంటివైద్యాలతో ఆలస్యం చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నా చీటీ కూడా మారినది. "పాలతో సేవించవలెను" అన్న మాట కింద ఇప్పుడు మరొక పంక్తి వ్రాస్తున్నాను: "చికిత్సలో లేని పశువు పాలు."

మొన్న శ్రావణంలో మా పాలామె ఖాళీ క్యానుతో గడప దగ్గర నిలబడినది. "బర్రెకు సూది పడ్డది అయ్యగారూ. ఏడొద్దులు పాలు లేవు" అన్నది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో సంకోచం లేదు. ఎనిమిదవనాడు పోసిన పాలు మర్నాటి ఉదయానికి గడ్డపెరుగై కూర్చున్నవి. పెరుగు అయినంత మాత్రాన పాలు శుద్ధమని అనుకోరాదని పైన నేనే వ్రాసినాను. నేను ఆ పెరుగును చూచి నమ్మలేదు, ఖాళీ క్యానుతో వచ్చిన ఆమెను చూచి నమ్మినాను.